ఒస్తూని, దాని ఆలివ్ తోటలు: వెళ్లేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒస్తూని ఎక్కడుంది? అక్కడ చూడాల్సిందేమిటి?

దక్షిణ ఇటలీలో పూల్యా ప్రాంతం, బ్రిండిసి జిల్లా. ఏడ్రియాటిక్ సముద్రానికి సుమారు 8 కిలోమీటర్ల లోపల, 200 మీటర్లకు పైబడిన ఎత్తులో, గుట్టల మీద కట్టిన ఊరు. పాత ఊళ్లో గోడలన్నీ తెల్లని సున్నంతో ఉంటాయి కాబట్టి ఇటలీ అంతటా దీన్ని తెల్ల నగరం అంటారు. గుట్ట కింద నుంచి సముద్రం దాకా ఎర్రనేల, దాని నిండా వందల ఏళ్ల నాటి ఆలివ్ చెట్లు.

చాలామంది ఊరు చూసి, ఫోటోలు తీసుకుని, సాయంత్రానికి వెళ్లిపోతారు. అది సగం చూడడమే. ఆ ఊరికి డబ్బు తెచ్చింది ఈ చెట్ల నూనె. ఊరి గోడ మీద నుంచి కనిపించే చెట్ల మధ్యకు దిగి నడిస్తేనే ఒస్తూని అర్థమవుతుంది. పైగా ఆ తోటలు ఇప్పుడు తెగులు బారిన పడి ఉన్నాయి. దాని గురించి కింద వివరంగా ఉంది.

ఎన్ని రోజులు కావాలి?

కనీసం రెండు రాత్రులు. ఒక పూట ఊరికి, ఒక పూట తోటకూ పాత గానుగకూ, ఇంకో పూట సముద్ర తీరానికి సరిపోతుంది. సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆల్బెరోబెల్లో కూడా చూడాలంటే మరో రోజు కలపండి. శంకువు ఆకారపు రాతి కప్పులున్న అక్కడి ఇళ్లకు 1996లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

ఏ నెలలో వెళ్తే మంచిది?

దేనికోసం వెళ్తున్నారన్నదాన్ని బట్టి. ఆలివ్ కోత, గానుగ ఆడడం చూడాలంటే అక్టోబరు మధ్య నుంచి నవంబరు చివరి దాకా వెళ్లండి. మా సలహా కూడా ఇదే. కొత్త నూనె దొరుకుతుంది, ఎండ ఉండదు, గదులు చవక. వాన పడిన రోజు కోత ఆపేస్తారు కాబట్టి ఒక రోజు చేతిలో ఉంచుకోండి.

ఏప్రిల్, మే నెలల్లో చెట్ల కింద అడవి పూలు పూస్తాయి, నడవడానికి హాయిగా ఉంటుంది. మే చివర, జూన్‌లలో ఆలివ్ పూత. ఆ పుప్పొడి ఉబ్బసం, తుమ్ముల అలర్జీ ఉన్నవారిని బాగా ఇబ్బంది పెడుతుంది. మందులు దగ్గర పెట్టుకోండి, లేదా ఆ వారాలు తప్పించండి.

జులై, ఆగస్టుల్లో ఎండ 35 డిగ్రీలు దాటుతుంది, ఊరు కిక్కిరిసిపోతుంది. ఒక్క ఆకర్షణ ఆగస్టు 25 నుంచి 27 వరకు జరిగే సాంత్ ఒరొంజో ఉత్సవం. 26న ఎర్రని అలంకరణతో గుర్రాల ఊరేగింపు సాగుతుంది. దాని కోసం వెళ్లేవారు గది చాలా ముందుగా మాట్లాడుకోవాలి.

వీసా సంగతి?

భారత పాస్‌పోర్టు మీద షెంజెన్ వీసా, అంటే ఇటలీతో పాటు చాలా యూరప్ దేశాలకు చెల్లే ఉమ్మడి వీసా కావాలి. తెలుగు రాష్ట్రాలవారు హైదరాబాదులోని వీఎఫ్ఎస్ కేంద్రంలో దరఖాస్తు ఇవ్వవచ్చు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి తీసుకుంటారు, 15 రోజుల కంటే తక్కువ గడువుంటే తీసుకోరు. వేసవి సెలవుల ముందు అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం కాబట్టి చివరి నెల దాకా ఆగొద్దు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అమెరికాలో గ్రీన్ కార్డు ఉన్నా పాస్‌పోర్టు భారతదేశానిదైతే ఈ వీసా తీసుకోవాల్సిందే. జర్మనీ, ఫ్రాన్స్ లాంటి షెంజెన్ దేశాల్లో నివాస పర్మిట్‌తో చదువుకుంటున్నవారికి, ఉద్యోగం చేస్తున్నవారికి వేరే వీసా అక్కర్లేదు.

ఎలా చేరుకోవాలి?

రోమ్‌కో మిలాన్‌కో వచ్చి, అక్కడ నుంచి బ్రిండిసి లేదా బారి విమానం ఎక్కడం సులువు. బ్రిండిసి విమానాశ్రయం దగ్గర, బారి విమానాశ్రయం దానికి రెట్టింపు దూరం దాటుతుంది. రెండు ఊళ్లనూ కలిపే బారి–లెచ్చే రైలు మార్గం మీదే ఒస్తూని స్టేషను ఉంది. బ్రిండిసి నుంచి సుమారు అరగంట, బారి నుంచి సుమారు గంట.

రెండు విషయాలు ముందే తెలుసుకోండి. స్టేషను ఊళ్లో లేదు, సుమారు మూడు కిలోమీటర్ల కింద ఉంది, దారంతా ఎక్కుడే. బస్సు ఉంటుంది గానీ రాత్రిళ్లూ ఆదివారాలూ తక్కువ. సామానుతో చివరి రైలుకు దిగేవారు బస చేసే చోటికి ముందే ఫోన్ చేసి కారు ఏర్పాటు చేసుకోవడం మంచిది. రెండోది, ప్రాంతీయ రైలుకు కాగితం టికెట్ కొంటే ఎక్కే ముందు ప్లాట్‌ఫారం మీది యంత్రంలో ముద్ర వేయించాలి. ఫోన్‌లో కొన్న టికెట్‌కు ప్రయాణం మొదలుపెట్టే ముందు చెక్-ఇన్ నొక్కాలి. ఇవి మరిచిపోతే డబ్బు కట్టిన టికెట్ చేతిలో ఉన్నా జరిమానా పడుతుంది.

కారు అవసరమా?

ఊరు మాత్రమే చూస్తే అక్కర్లేదు, కారు ఉంటేనే తలనొప్పి. తోటలూ చుట్టుపక్కల ఊళ్లూ చూడాలంటే చాలా ఉపయోగం. మన లైసెన్సుతో పాటు ఆర్టీవో కార్యాలయం ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకెళ్లండి. అది ఇక్కడే తీసుకోవాలి, ఇటలీలో ఇవ్వరు.

పాత ఊళ్లోకి బయటి కార్లు వెళ్లకూడదు. ఆ పరిమితి మొదలయ్యే చోట జెడ్.టి.ఎల్. అనే బోర్డూ కెమెరా ఉంటాయి. దాటితే అక్కడ ఎవరూ ఆపరు. నెలల తర్వాత కారు అద్దెకిచ్చిన కంపెనీ ద్వారా జరిమానా వస్తుంది, దానిమీద కంపెనీ తన రుసుము కూడా వేస్తుంది. గోడ బయట పార్కు చేసి నడవండి. నీలం గీతలుంటే డబ్బు కట్టే చోటు, తెల్లవి ఉచితం, పసుపువి ప్రత్యేక అనుమతి ఉన్నవారికి.

పల్లెలో ఇంకో చిక్కు ఉంది. తోటల మధ్య ఇళ్లకు వీధి పేర్లు ఉండవు, కొంత్రాద అనే ఆవాసం పేరు మాత్రమే ఉంటుంది. ఫోన్ మ్యాపు దాన్ని పట్టుకుని రాతి గోడల మధ్య ట్రాక్టరు బాటలోకి తీసుకెళ్తుంది, అక్కడ కారు తిప్పడానికి చోటుండదు. చిరునామా కాకుండా లొకేషన్ పంపమని అడగండి.

ఊళ్లో ఏ దారిన నడవాలి?

పియాజ్జా దెల్లా లిబెర్తా నుంచి మొదలుపెట్టండి. అక్కడ 20 మీటర్లకు పైగా ఎత్తున్న సాంత్ ఒరొంజో రాతి స్తంభం ఉంది, 1771 నాటిది. మహమ్మారి నుంచి ఊరిని కాపాడాడని ఆ సాధువును కొలుస్తారు. అక్కడ నుంచి వీయా కతెద్రాలే అనే వీధి మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. ఆగకుండా నడిస్తే పది పదిహేను నిమిషాల్లో కెతీడ్రల్ వస్తుంది. 15వ శతాబ్దపు కట్టడం. ముఖద్వారం పైన 24 ఆకులున్న చక్రం లాంటి పెద్ద రాతి కిటికీని తీరిగ్గా చూడండి. ఎదురుగా రెండు భవనాలను కలిపే కమాను అర్కో స్కొప్ప.

దారిలోనే పాత మఠంలో మ్యూజియం ఉంది, తప్పక ఆగండి. ఊరికి దగ్గర్లోని శాంత మరియా ది అన్యానో గుహలో 1991లో దొనాతో కొప్పోలా ఒక సమాధిని కనుగొన్నారు. సుమారు 28,000 ఏళ్ల కిందట చనిపోయిన యువతి, ఆమె గర్భంలో నెలలు నిండబోతున్న శిశువు ఎముకలు. తలకు చిన్న గవ్వల అలంకరణ ఉంది. ఆ సమాధి నమూనాను మ్యూజియంలో చూడవచ్చు. చిన్న మ్యూజియమే గానీ ఆ ఒక్క గది ముందు నిలబడటానికి ఊరు ఎక్కి రావచ్చు.

తర్వాత పెద్ద వీధి వదిలేసి పక్క సందుల్లోకి పోండి. గోడ అంచుకు చేరాక కింద తోటలు, వాటి వెనక సముద్రం కనిపిస్తాయి. ఉదయం ఎనిమిదిన్నర లోపు, లేదా సాయంత్రం ఆరు తర్వాత నడిస్తే బాగుంటుంది. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి సుమారు నాలుగున్నర, ఐదు దాకా దుకాణాలూ చర్చిలూ మూసేస్తారు.

పెద్దవాళ్లు, పిల్లల బండి ఉన్నవాళ్లు నడవగలరా?

పెద్ద వీధి వరకు నెమ్మదిగా నడవవచ్చు. సందుల్లో అంతా మెట్లే, చక్రాల కుర్చీకీ పిల్లల బండికీ పనికిరావు. రాళ్లు శతాబ్దాల నడకకు నునుపెక్కాయి, వాన తగిలితే జారుతాయి. రబ్బరు అడుగున్న బూట్లే వేసుకోండి. నడవలేని వారికి పియాజ్జాలో 'ఆపే' అనే మూడు చక్రాల బండ్లు దొరుకుతాయి, మన ఆటోకు దగ్గరి చుట్టం. ఎక్కే ముందు ధర మాట్లాడుకోండి.

గోడలకు సున్నం ఎందుకు వేస్తారు?

చుట్టూ సున్నపురాయి కొండలే, బట్టీలో కాలిస్తే సున్నం చవకగా వచ్చేది. తెలుపు ఎండను తిప్పికొడుతుంది, ఇరుకు సందుల్లోకి వెలుతురు తెస్తుంది. సున్నానికి క్రిములను చంపే గుణం ఉంది కాబట్టి మహమ్మారుల కాలంలో ఈ అలవాటు మరింత బలపడిందని ఊళ్లోవారు చెబుతారు. వెల్ల కొత్తగా వేసిన గోడకు ఆనుకోవద్దు, నల్ల బట్టల మీద మరక పడుతుంది.

ఆలివ్ తోటల్లోకి ఎలా వెళ్లాలి? ఎక్కడైనా దిగి నడవవచ్చా?

తోటలన్నీ సొంత భూములు. గేటు లేకపోయినా, గోడ నడుము ఎత్తే ఉన్నా లోపలికి దిగకూడదు. ఆ గోడలు సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చినవి. ఎక్కితే కూలుతాయి, మీ కాలు మీదే పడతాయి. ఈ రాతి గోడల పనితనం 2018లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది.

సరైన దారులు రెండు. మొదటిది మస్సేరియా. అంటే కోట లాంటి గోడలున్న పాత రైతు ఇల్లు, తోట మధ్యలో ఉంటుంది. వీటిలో కొన్ని బస ఇస్తాయి, కొన్ని తోట చూపించి, భూగర్భ గానుగ చూపించి, నూనె రుచి చూపిస్తాయి. పాత చెట్లూ గానుగా రెండూ ఒకేచోట చూడాలంటే ఒస్తూని దగ్గరి మస్సేరియా బ్రంకాతి పేరున్నది. ముందుగా రాసి సమయం ఖాయం చేసుకోవాలి. చెప్పకుండా వెళ్తే గేటు దగ్గర నుంచే తిరిగి రావచ్చు. రాసేటప్పుడు ఎంతమంది, ఏ భాషలో వివరించాలి, గానుగ కూడా చూస్తారా అన్న మూడూ చెప్పండి.

రెండోది తీరపు ఇసుక దిబ్బల ప్రాంతీయ ఉద్యానం. ఇది ఒస్తూని, ఫసానో ఊళ్ల మధ్య తీరం నుంచి తోటల దాకా ఉంది. రోమన్ చక్రవర్తి ట్రాజన్ రెండో శతాబ్దం మొదట్లో వేయించిన వీయా ట్రయానా ఈ మైదానం గుండానే పోయేది. ఆ దారి వెంట సైకిలు బాటలున్నాయి. మైదానం చదునే గానీ తిరిగి ఊరికి రావాలంటే 200 మీటర్ల ఎత్తు ఎక్కాలి. ఎండలో అది తేలిక కాదు, కరెంటు సైకిలు అద్దెకు తీసుకోండి. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు ఉంచుకోండి, దారిలో దుకాణాలుండవు.

వేసవిలో ఎండు గడ్డికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది. సిగరెట్టు ముట్టించకండి, ఎండు గడ్డి మీద కారు ఆపకండి.

ఆ చెట్లకు నిజంగా రెండు, మూడు వేల ఏళ్లు ఉంటాయా?

బోర్డు మీద రాసిన అంకెను జాగ్రత్తగా తీసుకోండి. మామూలుగా చెట్టు వయసు కాండంలోని వలయాలను బట్టి చెబుతారు. ముదిరిన ఆలివ్ మాను లోపల కుళ్లి తొర్ర పడుతుంది, అన్నిటికంటే పాత చేవ అక్కడే పోతుంది. మిగిలిన అంచు బతికి, మెలిపడి, కొన్నిసార్లు రెండు మూడు మానులుగా చీలి నిలబడుతుంది. కాబట్టి కచ్చితమైన వయసు చెప్పడం చాలా కష్టం. చాలా చెట్లు శతాబ్దాల నాటివి, కొన్ని వెయ్యేళ్లు దాటినవీ కావచ్చు.

చట్టం వయసు జోలికి పోకుండా కొలతకు వెళ్లింది. 2007 నాటి పూల్యా 14వ ప్రాంతీయ చట్టం ప్రకారం, నేల నుంచి 130 సెంటీమీటర్ల ఎత్తులో మాను వ్యాసం 100 సెంటీమీటర్లు ఉంటే అది స్మారక వృక్షం. టేపుతో చుట్టుకొలత 314 సెంటీమీటర్లు వస్తే సరిపోయినట్టే. మాను చీలిపోతే ఒకప్పటి పూర్తి ఆకారాన్ని ఊహించి లెక్కిస్తారు. ఇలాంటి చెట్టును సొంతదారు కూడా అనుమతి లేకుండా పెకలించలేడు.

చెట్ల మధ్య దూరం సమానంగా లేదని గమనిస్తారు. చాలాచోట్ల అడవి ఆలివ్ మొలిచిన చోటే దానికి మంచి రకాన్ని అంటు కట్టారు, మధ్య ఖాళీల్లో ధాన్యం పండించారు. వరసగా, దగ్గర దగ్గరగా కనిపించేవి కొత్త తోటలు.

తోటలు ఎండిపోతున్నాయని విన్నాం. నిజమేనా?

నిజమే. వెళ్లే ముందు తెలిసుంటే అక్కడ చూసేది అర్థమవుతుంది. జైలెల్లా ఫాస్టిడియోసా అనే బ్యాక్టీరియాను 2013లో దక్షిణ పూల్యాలోని గల్లిపోలి దగ్గర గుర్తించారు. మధ్య అమెరికా నుంచి వచ్చిన అలంకార కాఫీ మొక్కలతో చేరిందని శాస్త్రవేత్తల అంచనా. అది చెట్టులో నీరు పైకి పోయే నాళాల్లో పెరిగి వాటిని పూడ్చేస్తుంది. ముందు కొమ్మల చివర ఆకులు మాడతాయి, తర్వాత కొమ్మలు, చివరికి చెట్టంతా. మందు లేదు. ఏళ్ల తరబడి అది ఉత్తరంగా పాకుతూ ఒస్తూని మైదానానికీ చేరింది.

తెగులును మోసేది నురుగు కట్టుకునే చిన్న పురుగు. వసంతంలో దాని పిల్లలు చెట్ల కింది కలుపు మీద నురుగులో ఉంటాయి. అందుకే ఆ నెలల్లో గడ్డి కోయాలని, నేల దున్నాలని నియమం పెట్టారు. తోట నేల బోసిగా దున్ని కనిపిస్తే కారణం అదే. ఎదిగిన పురుగు కార్లకూ బట్టలకూ పట్టుకుని దూరం పోగలదు. తోట నుంచి బయల్దేరేటప్పుడు బట్టలు దులుపుకోండి, కారు అద్దాలు మూసే ఉంచండి.

ఈ మైదానంలోని పాత చెట్లు ఎక్కువగా ఓల్యరోలా రకం, ఈ తెగులుకు తేలిగ్గా లొంగేది. తట్టుకుంటున్న రకాలు లెచ్చీనో, ఎఫ్ఎస్-17. పాత మాను నిలబెట్టుకోవడానికి దాని మీద లెచ్చీనో కొమ్మలు అంటు కట్టే ప్రయత్నాలు సాగుతున్నాయి. తొర్ర పడిన ముసలి మాను మీద లేత కొమ్మలు, కట్టిన కట్లు కనిపిస్తే ఆగి చూడండి, యజమానిని అడగండి. ప్రవేశ రుసుముగా మీరిచ్చేది ఇలాంటి చెట్ల పోషణకు పనికొస్తుంది. దిగుబడి చాలని చెట్టును ఉంచుకోవడానికి రైతుకు అది ఊతం.

ఈ బ్యాక్టీరియా మనుషులకు ఏ హానీ చేయదు. నూనె తినడానికి భయం అక్కర్లేదు.

భూగర్భ గానుగలో ఏం చూస్తాం?

రాతిని తొలిచి చేసిన గది. పెద్ద రాతి తిరగలిని కళ్లకు గంతలు కట్టిన కంచరగాడిద తిప్పేది. నలిగిన ముద్దను గుండ్రని అల్లిక చాపల మధ్య పరిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి, చెక్క మరతో బిగించేవారు. కారిన నూనె, నీరు తొట్టిలో చేరితే పైకి తేలిన నూనెను తోడేవారు. కోతకాలం నెలల పాటు పనివాళ్లు లోపలే తిని, లోపలే పడుకునేవారు.

భూమి లోపలే ఎందుకంటే చలికాలంలో అక్కడ వెచ్చగా ఉంటుంది. చలికి ఆలివ్ నూనె గడ్డకడుతుంది, అప్పుడు అది కారదు. ఈ నూనెలో చాలా భాగం వంటకు కాదు, దీపాలకు. గల్లిపోలి రేవు నుంచి యూరప్ నగరాలకు ఎగుమతయ్యేది. మెట్లు తడిగా ఉంటాయి, కప్పు తక్కువ ఎత్తు. గాలి సరిగ్గా ఆడని చోట ఇబ్బంది పడేవారు ముందే చెప్పండి.

ఇప్పటి గానుగ ఎలా పని చేస్తుంది?

నవంబరులో వెళ్తే ఫ్రాంటోయో అనే బోర్డున్న చోట అడిగి చూడండి. చెట్ల కింద వలలు పరిచి, పొడవాటి కర్రకున్న యంత్రపు దువ్వెనతో కాయ రాలుస్తారు. మానును పట్టి ఊపే యంత్రం ఈ పాత చెట్లకు పనికిరాదు, అంత లావు మాను దాని పట్టుకు అందదు, తొర్ర మాను చీలిపోతుంది. అందుకే వీటి కోతకు కూలి ఎక్కువ.

కాయను ఆకు తీసి, కడిగి, నలిపి, ఆ ముద్దను సుమారు 20 నుంచి 40 నిమిషాలు నెమ్మదిగా కలుపుతారు. ఆ సమయంలో వేడి 27 డిగ్రీలు దాటకపోతేనే సీసా మీద చల్లని పద్ధతి అని రాసుకోవచ్చు. తర్వాత వేగంగా తిరిగే యంత్రం నూనెను వేరు చేస్తుంది. వంద కిలోల కాయకు దాదాపు 12 నుంచి 18 కిలోల నూనె వస్తుంది. కాయ కోసిన రోజే, లేదా మర్నాటికల్లా ఆడించాలి. బస్తాల్లో నిలవుంటే వేడెక్కి పులుస్తుంది, ఆ వాసన నూనెలో దిగుతుంది, ఎంత వడకట్టినా పోదు.

మంచి నూనె ఎలా గుర్తుపట్టాలి?

రంగు చూసి కాదు. చిన్న గ్లాసులో ఒక చెంచా పోసి, అరచేత్తో మూసి, మరో చేత్తో కిందపట్టి వెచ్చబెట్టండి. వాసన చూడండి, పచ్చి గడ్డి, పచ్చి బాదం, టమాటా ఆకు లాంటివి రావాలి. కొంచెం నోట్లో పోసుకుని పళ్ల మధ్య నుంచి గాలి పీల్చండి. చేదు, గొంతులో మిరియం మంట రెండూ మంచి గుణాలే. మొదటిసారి దగ్గు వస్తే నూనె పాడైందనుకోవద్దు. ముక్కిన వేరుశనగ నూనె వాసన, పులిసిన వాసన, బూజు వాసన వస్తే వద్దు.

సీసా మీద కోత సంవత్సరం ఉందా చూడండి. ఎక్‌స్ట్రా వర్జిన్ అంటే ఆమ్లత 0.8 శాతం మించకూడదు, రుచిలో దోషం ఉండకూడదు. ఈ ప్రాంతపు రక్షిత గుర్తింపు కొల్లినా ది బ్రిండిసి డిఓపీ, అందులో కనీసం 70 శాతం ఓల్యరోలా ఉండాలి. నల్ల సీసా లేదా డబ్బా కొనండి. ఎండ తగిలే కిటికీలో పెట్టిన పారదర్శక సీసాలు ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

మన వంటకు, పోపుకు పనికొస్తుందా?

పనికొస్తుంది. అక్కడివాళ్లు వేపుళ్లు కూడా ఇందులోనే చేస్తారు. పొగ వచ్చేదాకా కాచకూడదు, అంతే. పోపుకు మెత్తని రుచి ఉన్న ఓల్యరోలా తీసుకోండి, కొరతీనా రకం చేదు పప్పును మింగేస్తుంది. కొత్త నూనెను వేడి చేయకుండా కారప్పొడిలో, కందిపొడిలో వేసుకుంటే దాని గుణం బాగా తెలుస్తుంది.

శాకాహారులకు తిండి దొరుకుతుందా?

బాగా దొరుకుతుంది, అడగాల్సినవి అడిగితే. ఎండు బాకలా గింజల ముద్ద, పక్కన ఉడికించిన చేదు ఆకుకూర, పైన నూనె: ఫావే ఎ చికోరియా. పూర్తి శాకాహారం, మన ముద్దపప్పు–ఆకుకూరకు అలవాటు పడినవారికి వెంటనే నచ్చుతుంది. ఒక హెచ్చరిక: జి6పిడి అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్నవారు ఈ గింజ ముట్టకూడదు, ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి. మన రాష్ట్రాల్లోనూ ఈ లోపం ఉన్నవారున్నారు, పిల్లల వైద్య రికార్డు చూసుకుని పెట్టండి.

ఒరెక్కియెట్టె పాస్తాను ఆకుకూరతో చేసినప్పుడు చాలాచోట్ల ఆంకోవీ చేప కరిగించి వేస్తారు, కంటికి కనిపించదు. "సెన్‌జా అచ్చూగే" అంటే అది లేకుండా చేస్తారు. చీజుల్లో చాలావాటికి దూడ పొట్ట నుంచి తీసిన తోడు వాడతారు. కొన్ని రొట్టెల్లో, బిస్కెట్లలో పంది కొవ్వు ఉంటుంది, దాని పేరు స్త్రుత్తో. రాత్రి భోజనం ఎనిమిది తర్వాతే. బిల్లులో కొపెర్తో అని మనిషికి రెండు మూడు యూరోలు ఉంటే అది కూర్చున్న రుసుము, మోసం కాదు.

నూనె ఇంటికి ఎలా తెచ్చుకోవాలి?

చాలా విమానాశ్రయాల్లో చేతి సంచిలో 100 మిల్లీలీటర్లు దాటకూడదు కాబట్టి చెక్-ఇన్ సామానులోనే. సీసాల కంటే రేకు డబ్బా నయం. ఐదు లీటర్ల డబ్బా సుమారు ఐదు కిలోలు తూగుతుంది. మూత తిప్పి వదిలేయకుండా దాని చుట్టూ టేపు వేసి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, బట్టల మధ్య నిలువుగా పెట్టండి. వడకట్టని నూనె కొంటే ముందు అదే వాడేయండి, అడుగున చేరే మడ్డి దాన్ని త్వరగా పాడుచేస్తుంది. ఇంటికొచ్చాక చిన్న సీసాలోకి వంచుకుని వాడండి, డబ్బాను స్టవ్వుకు దూరంగా చీకట్లో ఉంచండి. తెరిచిన డబ్బాను రెండు మూడు నెలల్లో పూర్తి చేయాలి.

ఒక కొమ్మో మొక్కో తెచ్చుకుని ఇంట్లో నాటుకోవచ్చా?

వద్దు. తెగులు ఉన్న ప్రాంతం నుంచి ఆలివ్ మొక్కలూ కొమ్మలూ బయటికి తీసుకుపోవడంపై యూరప్‌లో కఠినమైన ఆంక్షలున్నాయి. భారతదేశంలోకి మొక్క తేవాలంటే ముందుగా దిగుమతి అనుమతి, ఆ దేశపు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం రెండూ కావాలి, సంచిలో పెట్టుకుని తెస్తే విమానాశ్రయంలో తీసేసుకుంటారు. ఎండిన ఆకు కూడా తోటలోనే వదిలేసి రండి.